బొమ్మ కొత్తది... గొంతు పాతదే!

అనకాపల్లి వాళ్లకి పాతదాని విలువ ఒకరు చెప్పాల్సిన పనిలేదు. ఇక్కడి బెల్లం మార్కెట్‌లో దిమ్మ రంగును బట్టే ధర. పసుపుపచ్చగా మెరిసేదానికో రేటు, మధ్యరకానికో రేటు, నలుపుకో రేటు. మందులోకి కావాలంటే మాత్రం ఆయుర్వేద వైద్యులు పాత బెల్లమే తెమ్మంటారు. కొత్తది కంటికి, పాతది ఒంటికి అన్నమాట! కానీ అదే ఊళ్లో ఇంటి సామాను దగ్గరికొచ్చేసరికి ఈ లెక్క తారుమారవుతుంది. కొత్త టీవీ గుమ్మం దాటి లోపలికొచ్చిందంటే పాతవన్నీ అటకెక్కాల్సిందే. లేదంటే పాత ఇనుప సామాను బండి ఎక్కాల్సిందే.

గవరపాలెంలోని ఓ ఇంట్లోనూ ఆమధ్య సంక్రాంతికి సరిగ్గా ఇదే పరిస్థితి వచ్చింది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న కొడుకు పండక్కి వస్తూ నాన్న కోసం 55 అంగుళాల టీవీ బుక్ చేశాడు. భోగినాటికల్లా అది గోడెక్కింది. బొమ్మ చూసి ఇల్లంతా మురిసిపోయింది. ‘ఆర్ఆర్ఆర్’ పెడితే పులి ముందుగదిలోకి దూకినట్టే ఉంది!

చిక్కంతా టీవీ కింద ఉన్న బల్లతోనే వచ్చింది. దాని మీద ముందువైపు వెండిరంగు రేకు ఉన్న ఓ ఆంప్లిఫయర్, ఓ టేప్‌డెక్. బల్లకి అటూ ఇటూ మోకాలెత్తు స్పీకర్ బాక్సులు రెండు. 1986 నుంచీ అవి అక్కడే ఉన్నాయి.

‘‘నాన్నా, ఇవి ఇంక తీసేద్దాం. ఓ సౌండ్‌బార్ పెట్టుకుంటే సరిపోద్ది. చోటూ కలిసొస్తాది’’ అన్నాడు కొడుకు.

పెద్దాయన అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. భుజం మీది తువ్వాలు తీసి ఆంప్లిఫయర్ మీది దుమ్ము తుడిచారు. అంతే.

గుమాస్తా గారి స్టీరియో

ఆ తుడవడం వెనక పెద్ద కథే ఉంది. ఆయన బెల్లం కొట్లో గుమాస్తాగా పనిచేసేవారు. 1986లో కృష్ణ ‘సింహాసనం’ వచ్చింది. తెలుగులో తొలి 70 ఎంఎం సినిమా. తెర ఎంత పెద్దదో చెప్పుకున్నవాళ్లు కొందరైతే, గుర్రపు డెక్కల చప్పుడు ఓ పక్క నుంచి మరో పక్కకి ఎలా పోయిందో చెప్పుకున్నవాళ్లు మరికొందరు. గుమాస్తా గారు రెండో రకం. అలాంటి శబ్దం ఇంట్లో వింటే ఎలా ఉంటుందన్న ఆశ అప్పుడే పుట్టింది.

కోల్‌కతాలో 1970లో మొదలైన సోనోడైన్ లాంటి కంపెనీల స్టీరియో సెట్లు అప్పటికి బజారులో లేకపోలేదు. అవి గుమాస్తా జీతానికి అందేవి కావు. అయితే ఆ రోజుల్లో ప్రతి పట్నంలోనూ ఆంప్లిఫయర్లు సొంతంగా బిగించి ఇచ్చే రేడియో మెకానిక్కులు ఉండేవారు. ట్రాన్స్‌ఫార్మర్ ఒకచోట, ట్రాన్సిస్టర్లు ఇంకోచోట కొని, రేకుపెట్టెలో కూర్చి ఇచ్చేవారు. వాటిని ‘అసెంబుల్డ్ సెట్టు’ అనేవారు. స్పీకర్లు విడిగా కొంటే, వాటికి పెట్టెలు వడ్రంగి చేసి పెట్టేవాడు. గుమాస్తా గారి సెట్టు అలా వాయిదాల మీద తయారైంది. ముందు ఆంప్లిఫయర్, తర్వాత పెట్టెలు, ఆఖర్న టేప్‌డెక్.

ఆ టేప్‌డెక్‌లో ఎక్కువగా తిరిగిన క్యాసెట్ ‘సిరివెన్నెల’. అదీ 1986 సినిమానే. చూపులేని వేణువాద్యకారుడు, మాటలేని చిత్రకారిణి కథ. మహదేవన్ సంగీతం. అందులో వేణువు ఊదింది హరిప్రసాద్ చౌరాసియా. దర్శకుడు విశ్వనాథ్ సినిమాల్లోకి అడుగుపెట్టింది మద్రాసు వాహినీ స్టూడియో శబ్దగ్రహణ విభాగంలోనే. ఇక పాటలు రాసిన సీతారామశాస్త్రి పదో తరగతి దాకా చదువుకున్నది అనకాపల్లిలోనే. ఆ సినిమా పేరే ఆయనకి ఇంటిపేరైపోయింది. 2021 నవంబర్ 30న ఆయన పోయినప్పుడు, చాన్నాళ్లుగా మూగబోయి ఉన్న ఆ డెక్‌ని పెద్దాయన ఓసారి ఆన్ చేశారు. మోటార్ తిరిగింది. క్యాసెట్ కదల్లేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. స్విచ్ ఆపేసి ఊరుకున్నారు.

‘ఏటన్నాడ్రా?’

కొత్త టీవీ వచ్చిన రెండో రోజు నుంచి ఆ ఇంట్లో ఓ మాట పదేపదే వినిపించసాగింది. ‘‘ఏటన్నాడ్రా?’’

హీరో ఏదో అంటాడు. అందరూ నవ్వుతారు. పెద్దాయన మనవడి వైపు తిరిగి ‘‘ఏటన్నాడ్రా?’’ అంటారు. మనవడు చెప్పేలోపు తర్వాతి డైలాగ్ పోతుంది. సౌండ్ పెంచితే ఫైటింగులు చెవులు బద్దలు కొడతాయి. తగ్గిస్తే మాటలు గొణుగుడైపోతాయి. రెండు రోజులు అడిగి, మూడో రోజు నుంచి ఆయన అడగడం మానేశారు. భోంచేసి వెళ్లి వరండాలో కూర్చుంటున్నారు.

‘నాన్నకి చెవుడొచ్చింది’ అనుకున్నారంతా. నిజమేగానీ, తప్పంతా చెవిదే కాదు.

శబ్దం అంటే గాలి కదలిక. గాలిని గట్టిగా కదపాలంటే స్పీకర్ పెద్దదిగా ఉండాలి, దాని వెనక తగినంత చోటుండాలి. నేటి టీవీ మందం నాలుగు వేళ్లు. అందులో పట్టే స్పీకర్లు చిన్నవి. వాటినీ చాలా టీవీల్లో నేల వైపో, గోడ వైపో తిప్పి పెడతారు. అంటే మాట మనిషి ముఖాన పడదు, గోడకి తగిలి తిరిగొస్తుంది. పాతకాలపు డబ్బా టీవీ బొమ్మలో తీసికట్టేగానీ, చాలావాటిలో స్పీకర్ మన వైపే చూసేది.

దీనికి వయసు తోడవుతుంది. పెద్దయ్యేకొద్దీ చెవి ముందుగా పోగొట్టుకునేది కీచుగా ఉండే శబ్దాలనే. స, శ, త, ఫ లాంటి హల్లులు మనకి విడివిడిగా తెలిసేది ఆ శబ్దాల వల్లే. అచ్చులేమో కింది స్థాయివి కాబట్టి బాగానే వినిపిస్తాయి. అందుకే పెద్దవాళ్లు ‘వినిపిస్తోందిగానీ మాట తెలీడం లేదు’ అంటారు. వాళ్లు చెప్పేది అక్షరాలా నిజం. అలాంటప్పుడు ఒట్టి సౌండ్ పెంచితే లాభం లేదు. మాటలోని ఆ పదును పెరగాలి. వినికిడి మరీ తగ్గితే చెవి డాక్టరుకి చూపించాల్సిందే. కానీ ముందు ఇంట్లో చెయ్యగలిగింది ఒకటుంది. స్పీకర్ మనిషి వైపు చూడాలి, ట్రెబుల్ కాస్త పెంచే వీలుండాలి.

ఆ రెండూ బల్ల మీది పాత సెట్టుకి పుట్టుకతోనే ఉన్నాయి!

కోడలు చూసిన ఎర్రదీపం

ఈ సంగతి ముందుగా పట్టింది కోడలు. ఎలక్ట్రానిక్స్ చదివిన పిల్ల. టీవీ వెనక్కి తొంగిచూసి, ‘‘మావయ్య గారూ, మీ ఆంప్లిఫయర్ పనిచేస్తోందాండీ?’’ అనడిగింది.

‘‘పని చెయ్యకేటమ్మా... వినీవోళ్లే లేరు’’ అన్నారాయన.

టీవీ వెనక ఓ చిన్న చదరపు రంధ్రంలో ఎర్రటి వెలుగు కనిపిస్తోంది. అది ఆప్టికల్ అవుట్. శబ్దాన్ని వెలుగు రూపంలో సన్నటి తీగలోంచి పంపే ఈ పద్ధతిని జపాన్‌లో తోషిబా కంపెనీ 1983లో తెచ్చింది. అంటే ఇదీ కొత్తదేం కాదు, పెద్దాయన సెట్టు కన్నా మూడేళ్లు పెద్దది. ఆంప్లిఫయర్ వెనక చూస్తే ఎరుపు ఒకటి, తెలుపు ఒకటి గుండ్రటి సాకెట్లు. వీటిని అమెరికాలో ఆర్‌సీఏ కంపెనీ 1930ల్లో రేడియోకి గ్రామఫోన్ కలపడానికి తెచ్చింది. ఆ పిన్ను నేటికీ మారలేదు. ఈలోగా టీవీలు ఎన్ని రూపాలు మార్చాయో లెక్కలేదు!

టీవీ పంపేది అంకెల భాష. పాత ఆంప్లిఫయర్‌కి తెలిసింది కరెంటు అలల భాష. మధ్యలో ఓ దుబాసీ కావాలి. అదే డీఏసీ అనే చిన్న పెట్టె. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దగా ఉంటుంది. మామూలు రకం వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. టీవీ నుంచి దానికి ఆప్టికల్ తీగ, దాన్నుంచి ఆంప్లిఫయర్‌కి ఎరుపు తెలుపు తీగలు. పండగ మూడో రోజు, కనుమనాటికి పెట్టె ఇంటికొచ్చింది. తీగలన్నీ కలిపారు. స్విచ్ వేశారు.

నిశ్శబ్దం!

కొడుకు ‘నే చెప్పలేదా’ అన్నట్టు చూశాడు. కోడలు టీవీ సెట్టింగుల్లోకి వెళ్లి, డిజిటల్ సౌండ్ అవుట్ అన్నచోట ‘పీసీఎం’ అన్నది ఎంచుకుంది. చాలామంది ఓడిపోయేది ఇక్కడే. టీవీ మామూలుగా డాల్బీ మూటనే కట్టి పంపుతుంది. ఆ మూట విప్పడం చిన్న పెట్టెకి రాదు. పీసీఎం పెడితే టీవీయే మూట విప్పి, ఎడమ కుడి రెండు పాయలుగా చేసి ఇస్తుంది. మరుక్షణం ఆంప్లిఫయర్‌లోంచి మాట వచ్చింది. కాకపోతే గరగరలాడుతూ, జలుబు చేసిన మనిషి గొంతులా!

జలుబుకి మందు

గరగరకి కారణం వెతకడానికి మెకానిక్ రావాల్సొచ్చింది. పెట్టెల ముందరి గుడ్డ తీసి స్పీకర్ అంచు మీద వేలు పెట్టాడు. నల్లటి పొడి రాలింది. స్పీకర్‌లో కాగితపు కోన్ చుట్టూ స్పాంజి లాంటి అంచు ఉంటుంది. సముద్రం దగ్గరి ఊళ్ల ఉక్కకీ తేమకీ అది పదిహేను, ఇరవయ్యేళ్లలో పొడైపోతుంది. చూసినవాళ్లు స్పీకరే పోయిందనుకుంటారు. నిజానికి అయస్కాంతం, తీగచుట్ట బాగానే ఉంటాయి. కొత్త అంచు అతికిస్తే మళ్లీ ఏళ్ల తరబడి పాడుతుంది. రబ్బరు అంచు దొరికితే ఇంకా మేలు, ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఆంప్లిఫయర్ లోపల గొట్టాల్లాంటి కెపాసిటర్లు రెండు ఎండిపోయాయి. ‘గుయ్’మని వినిపించే రొద వాటిదే. అవి మార్చాడు. సౌండ్ తిప్పితే కరకరమనే నాబ్‌లో క్లీనర్ కొట్టాడు. ‘‘ఈ పెట్టె మాత్రం మీరెవరూ విప్పకండి. ప్లగ్గు పీకినా లోపల కరెంటు నిలవుంటాది’’ అని హెచ్చరించి వెళ్లాడు. అది ఊరికే బెదిరించడం కాదు. పెద్ద కెపాసిటర్లలో విద్యుత్తు కాసేపు అలాగే ఉండి షాక్ కొడుతుంది.

తీగలు మళ్లీ బిగించినప్పుడు ఇంకో తమాషా జరిగింది. పాట బాగుంది, మాట మాత్రం ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టుంది. ఒక స్పీకర్‌కి ఎరుపు, నలుపు తీగలు తారుమారయ్యాయి. అప్పుడు ఒక స్పీకర్ గాలిని ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతుంది. రెంటి మధ్యా మాట చచ్చిపోతుంది. తీగలు సరిచేయగానే డైలాగ్ అచ్చంగా టీవీ మధ్యలోంచి, హీరో నోట్లోంచే వచ్చినట్టు వినిపించింది. అక్కడ స్పీకర్ లేదు. రెండు వైపుల నుంచీ ఒకేలా వచ్చే మాటని మన మెదడు మధ్యలో ఉందని అనుకుంటుంది. స్టీరియో కిటుకంతా అదే.

పెదవుల కదలికకీ మాటకీ కాస్త తేడా వస్తే టీవీలోని ఆడియో డిలే సర్దారు. పెట్టెల్ని గోడ మూలల్లోంచి ముందుకు జరిపి, టీవీకి ఆ పక్కా ఈ పక్కా పెట్టారు. పాత డబ్బా టీవీ రోజుల్లో ఈ వీలే లేదు. స్పీకర్ అయస్కాంతం దగ్గరకొస్తే బొమ్మ రంగులు చెడి పచ్చగా, ఊదాగా మరకలు పడేవి. అందుకే ఆ పెట్టెలు ఇన్నేళ్లూ గది మూలల్లో గడిపాయి. నేటి ఎల్ఈడీ టీవీకి ఆ బెడద లేదు. పాత టీవీతో కుదరని కాపురం కొత్త టీవీతో కుదిరిందన్నమాట!

ఆ రాత్రి పెద్దాయన వరండాలోకి వెళ్లలేదు. ట్రెబుల్ నాబ్ రెండు గీతలు పైకి తిప్పుకుని సినిమా మొత్తం చూశారు. ‘ఏటన్నాడ్రా’ అని రెండేసార్లు అడిగారు. ఆ రెండుసార్లూ మనవడికీ అర్థం కాలేదు!

దాచేవి... వదిలేవి

అలాగని పాతవన్నీ దాచుకోవాల్సినవే అనుకుంటే ఇల్లు గోడౌనైపోతుంది. ఈ సెట్టు చేయలేని పనులూ ఉన్నాయి. 2012లో ‘బ్రేవ్’ సినిమాతో మొదలైన డాల్బీ అట్మాస్‌లో వాన నెత్తి మీదే కురుస్తుంది. ముందువైపున్న రెండు చెక్కపెట్టెలతో అది రమ్మంటే రాదు. అది కావాలనుకునేవాళ్లు కొత్త రిసీవర్, మరిన్ని స్పీకర్లు కొనుక్కోవాల్సిందే. అప్పుడైనా పాత పెట్టెలు మంచివైతే, వాటి మీద రాసిన ఓమ్‌లు రిసీవర్‌కి సరిపడితే, ముందరి రెండు స్పీకర్లుగా వాటినే వాడుకోవచ్చు. ఆప్టికల్ అవుట్ లేని టీవీ అయితే 2009లో వచ్చిన హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ ద్వారానో, హెడ్‌ఫోన్ రంధ్రం ద్వారానో కలుపుకోవచ్చు. చోటు లేని ఫ్లాట్లలో సౌండ్‌బార్‌ని మించింది లేదు.

ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్నదానికి ఆ ఇంట్లో కోడలు ఓ లెక్క చెప్పింది. బొమ్మ చూపించేవి త్వరగా పాతబడతాయి. శబ్దం వినిపించేవి పాడైతే బాగవుతాయి. ఈ లెక్కన పాత డబ్బా టీవీ బయటికెళ్లింది. దాని గాజులో సీసం ఉంటుంది కాబట్టి పగలగొట్టే బండివాడికి ఇవ్వకుండా, అనుమతి ఉన్న ఈ-వ్యర్థాల సేకరణదారులకి అప్పగించారు. పాత టీవీలని తిరిగి శుద్ధిచేసే బాధ్యతను తయారీదారుల మీదే పెట్టిన కొత్త నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. వీసీఆర్ కూడా వెళ్లిపోయింది. జపాన్ కంపెనీ ఫునాయ్ 2016 జులైలో తయారీ ఆపేశాక కొత్త వీసీఆర్ అన్నదే లేదు. ఇంట్లో ఉన్న రెండు వీడియో టేపులకీ బూజు పట్టి తెల్లబడ్డాయి. బూజు టేపుని మామూలు మిషన్లో పెడితే టేపూ పోతుంది, మిషనూ పోతుంది.

పాత శబ్దం మీద మనసు పోవడం ఒక్క అనకాపల్లి ముచ్చటే కాదు. అమెరికాలో 2022లో సీడీల కన్నా గ్రామఫోన్ రికార్డులే ఎక్కువ అమ్ముడయ్యాయి. 1987 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. అయితే అక్కడ జనం కొత్తగా కొంటున్నారు. ఇక్కడ ఉన్నదాన్ని పారేయకుండా ఉంటే చాలు!

ఇక మిగిలింది టేప్‌డెక్. ‘‘ఇదెందుకు నాన్నా? పాటలన్నీ ఫోన్లో ఉన్నాయి కదా’’ అన్నాడు కొడుకు. ఆ మాటా నిజమే. ‘సిరివెన్నెల’ పాటలు ఫోన్లో నొక్కితే వస్తాయి. పెద్దాయన లేచి గదిలోకెళ్లి బీరువాలోంచి ఓ క్యాసెట్ తెచ్చి కొడుకు చేతిలో పెట్టారు.

‘‘ఇది నీ ఫోన్లో ఉందేట్రా?’’

మస్కట్ వెళ్లని ఉత్తరం

క్యాసెట్ మీది కాగితంపై నీలం సిరాతో ‘తమ్ముడికి, 1992’ అని ఉంది. కొడుకు గుర్తుపట్టాడు. అది అమ్మ దస్తూరీ.

గల్ఫ్‌కి ఫోన్ చేయాలంటే మామూలు సంసారాలు భయపడే రోజులవి. ఉత్తరం రాస్తే చేరడానికి రోజులు పట్టేది. అందుకే చాలా ఇళ్లలో క్యాసెట్టే ఉత్తరం. ఇంటిల్లిపాదీ టేప్‌రికార్డర్ చుట్టూ కూర్చుని మాట్లాడి, ఊరెళ్తున్న ఎవరి చేతికో ఇచ్చి పంపేవారు. మస్కట్‌లో ఉన్న తమ్ముడి కోసం ఆవిడ ఇది రికార్డు చేశారు. పంపేలోపు ఆయనే సెలవు మీద వచ్చేశాడు. క్యాసెట్ ఇంట్లోనే ఉండిపోయింది. ఆవిడ 2009లో పోయారు. ఆ ఇంట్లో ఆవిడ ఫొటోలు పాతిక దాకా ఉన్నాయి. గొంతు మాత్రం ఈ ఒక్కచోటే ఉంది.

కొడుకు ఆత్రంగా డెక్ వైపు వెళ్లాడు. పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టారు. ‘‘ఆగు. ముందు దాన్ని బాగుచేయించు.’’

ఇన్నేళ్లూ ఆయన దాన్ని ఎందుకు పెట్టుకుని వినలేదో అప్పుడు తెలిసింది. డెక్ సరిగా లేదని ఆయనకి తెలుసు. డెక్ లోపల మోటార్‌కీ చక్రాలకీ మధ్య ఉండే రబ్బరు బెల్టు ఏళ్లు గడిస్తే సాగిపోతుంది, కొన్నిసార్లు కరిగి తారులా అంటుకుంటుంది. అలాంటి డెక్‌లో పెడితే టేపు చుట్టుకోక చిక్కుపడుతుంది. 90 నిమిషాల క్యాసెట్‌లో 130 మీటర్ల దాకా టేపు ఉంటుంది. వెంట్రుక కన్నా పలచన. ఒక్కసారి నలిగితే ఆ చోట ఉన్న మాట పోయినట్టే. ‘సిరివెన్నెల’ నలిగితే ఇంకోటి దొరుకుతుంది. ఇది నలిగితే..?

మెకానిక్ మళ్లీ వచ్చాడు. బెల్టులు మార్చాడు. టేపుని లాగే రబ్బరు చక్రాన్నీ, చదివే హెడ్డునీ స్పిరిట్‌తో తుడిచాడు. ముందు పోతే పోయిందనుకునే ఓ పాత క్యాసెట్ వేసి గంటసేపు ఆడించాడు. అప్పుడు అసలు క్యాసెట్ తీసి, లోపల టేపుని హెడ్డుకి అదిమిపెట్టే చిన్న స్పాంజి ముక్క ఊడలేదని చూసుకున్నాడు. పొరపాటున దాని మీద రికార్డు కాకుండా వెనకంచున ఉన్న రెండు ప్లాస్టిక్ పలుకులు విరిచేశాడు. అటు చివరికీ ఇటు చివరికీ ఓసారి తిప్పి, టేపు పొరలు విడిపోయేలా చేశాడు. కోడలు డెక్ నుంచి లాప్‌టాప్‌కి తీగ కలిపింది. వినేటప్పుడే కాపీ అయిపోవాలి. రెండోసారి ఆడుతుందో లేదో!

ప్లే నొక్కారు.

ముందు ‘సుయ్’ మన్న చప్పుడు. అందులోంచి చాలా దూరం నుంచి పిలుస్తున్నట్టు ‘తమ్ముడూ’ అని లీలగా వినిపించింది. ఓ క్షణం తర్వాత అదే మాట స్పష్టంగా, ‘‘తమ్ముడూ...’’ అని. ఏళ్ల తరబడి చుట్టి ఉంచిన టేపులో ఒక పొర మీది మాట పక్క పొరకి అంటుకుంటుంది. అందుకే మాటకి ముందే దాని నీడ వినిపిస్తుంది. ఆ సంగతి తెలిసిన కోడలు కూడా ఉలిక్కిపడింది.

ఆవిడ మొదట ఉత్తరం చదివినట్టే మాట్లాడారు. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ నీ క్షేమ సమాచారాలు తెలియజేయగలవు అని. రెండు నిమిషాలకి ఆ బిగువు సడలింది. కొత్త అమావాస్యకి నూకాలమ్మ జాతరలో ఎంత జనమో, ఆ ఏడు బెల్లం రేటు ఎలా పడిపోయిందో, ఎవరింట్లో పెళ్లికి ఏం పెట్టారో అన్నీ చెప్పుకుపోయారు. వెనక కుక్కర్ కూత. ఇంకా వెనక రైలు కూత. మధ్యలో ‘‘అమ్మా, నేనూ మాటాడతా’’ అంటూ ఎనిమిదేళ్ల పిల్లాడి గొంతు. నలభై ఏళ్ల కొడుకు తన గొంతు తనే విని తల దించుకున్నాడు. ఆఖర్న ఓ మగగొంతు, ‘‘టేపు అయిపోతంది, ఇంక కానీ’’ అంది. ఆవిడ నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే టేపు ఆగిపోయింది.

ఎవరూ ఏమీ అనలేదు. మనవడు ఒక్కడే అడిగాడు. ‘‘తాతయ్యా, మామ్మ ఎప్పుడూ ఇలాగే గబగబా మాట్లాడేదా?’’

‘‘కాదురా. ఆ రోజు టేపు అయిపోద్దేమోనని కంగారు.’’

ఇప్పుడు ఆ మాటలు ఇంట్లో నాలుగు చోట్ల ఉన్నాయి. లాప్‌టాప్‌లో, పెన్‌డ్రైవ్‌లో, కొడుకు ఫోన్లో, ఊళ్లో లేని మేనమామ ఫోన్లో. ఎక్కడ విన్నా అవే మాటలు. అయినా కొడుకు హైదరాబాద్ వెళ్లేముందు డెక్ ప్లగ్గు తనే సరిచూసి, తేమ పట్టకుండా నెలకోసారి కాసేపు ఆడించమని తండ్రికి చెప్పాడు. సౌండ్‌బార్ ఊసు మళ్లీ ఎత్తలేదు. అటక మీదో, బీరువా అడుగునో ఇలాంటి క్యాసెట్ ఉన్న ఇళ్లు ఇంకా చాలానే ఉంటాయి. ఇన్నేళ్లు దాచాం, ఇంకో పండక్కి చూద్దాంలే అనుకునేవాళ్లూ ఉంటారు. క్యాసెట్ ఓపిక పట్టినా దాన్ని ఆడించే బెల్టు ఓపిక పట్టదు. ఆ బెల్టు మార్చగలిగే మెకానిక్కులూ ఊరికి ఒకరిద్దరే మిగిలారు.

ఇక ఈ మొత్తం ఏర్పాటులో ఓ లోపం ఉండిపోయింది. ఆప్టికల్ తీగలోంచి వచ్చే శబ్దాన్ని చాలా టీవీల్లో రిమోట్ తగ్గించలేదు, పెంచలేదు. ఆంప్లిఫయర్ నాబ్‌ని చేత్తో తిప్పాల్సిందే. హెడ్‌ఫోన్ రంధ్రం ద్వారా కలిపితే రిమోట్ పనిచేస్తుందని కోడలు చెప్పింది. పెద్దాయన వద్దన్నారు. ‘ఇదే బాగుంది’ అన్నారు.

అందుకే సెలవులకి అంతా చేరినప్పుడు ఏ సినిమా చూడాలో రిమోట్ పట్టుకున్న పిల్లలు తేల్చుకుంటారు. సౌండ్ మాత్రం బల్ల పక్కన కుర్చీలో కూర్చున్న మనిషి చేతిలో ఉంటుంది. ఫైటింగ్ వచ్చిందంటే ఆయన తగ్గిస్తారు, మాటలొస్తే పెంచుతారు. పిల్లలకి ఏదైనా వినబడకపోతే వెనక్కి తిరిగి ‘‘తాతయ్యా, కొంచెం పెంచవా’’ అని అడుగుతారు.